నువ్వు చెప్పప్పా

“పిన్నీసు యాడ పెడితివి అత్తా? నోరు తెరిచి చెప్పు!”

లావణ్య కేకకు జయరామప్ప బనియను మీదే పరుగెత్తుకొచ్చాడు. మొహానికి పూసుకున్న సబ్బు నురగ సగం అలాగే ఉంది.

మునివెంకటమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఎడమ జబ్బ మీద నెత్తురు. చీర కుచ్చెళ్ల మీద నెత్తురు. మొహంలో మాత్రం నొప్పి జాడ లేదు. కాలిలో దిగిన ముల్లు తీసుకుంటుంటే మధ్యలో ఎవరో పిలిచినట్టు తలెత్తి చూసింది.

“తియ్యల్లప్పా. ఇంగ రవంత ఉండాది. నొక్కితే వచ్చేస్తాది,” అంది కొడుకుతో.

నర్సు ఎలిజబెత్ ఆమె చెయ్యి పట్టుకుని దూదితో అదుముతోంది. ఒంగోలు పిల్ల. ఈ ఇంట్లో చేరి మూడు నెలలు.

“ఆస్పత్రిలో చర్మం కింద పెట్టిన చిప్ బయటికి రాలేదు సార్. లోపలే ఉంది. బియ్యపుగింజంత లేదు. దానికోసం ఆవిడ ఎంత లోతుకు పొడుచుకున్నారో ఒకసారి చూడండి.”

జయరామప్ప చూడలేదు. మంచం కింద పిన్నీసు వెతికే వంకతో వంగాడు. నెత్తుటి చెయ్యి చూడడం కంటే దుమ్ము చూడడం సులువుగా ఉంది.

“సుమ్నే ఊరికే వెతకొద్దండి, ఇదో, తలకాడ దొరికె,” అంది లావణ్య, దిండు కింది నుంచి పిన్నీసు తీస్తూ. “అది పెట్టించిన ఈ పన్నెండు దినాల్లో ఇది మూడో తూరి. ఫస్టు గోరుతో గీకె. తర్వాత దువ్వెన పన్నుతో. ఇప్పుడు పిన్నీసు. రేపు కత్తిపీట తీసుకుంటే నేనేం చేసేది?”

“కొన్నాళ్లకు అలవాటవుతాది,” అన్నాడు జయరామప్ప మంచం కింద నుంచే.

“ఏది అలవాటయ్యేది? అత్తకా, మీకా?”

అతను లేచి నిలబడ్డాడు. మోకాళ్ల మీది దుమ్ము దులుపుకున్నాడు.

“మళ్లీ తప్పిపోతే ఏం చేస్తావ్? చెప్పు. రెండు దినాలు. ఊరికి ఈ కొస పీణ్య నుంచి ఆ కొస కుందలహళ్ళి దాకా ఎట్ల పోయిందో ఈ పొద్దుకూ తెలీదు. పాల క్యాను పట్టుకుని, ఒకప్పుడు మనం పాలు పోసిన జాగాలో లేచిన ఆఫీసు గేటు ముందర కూర్చోని ఉంటే సెక్యూరిటీవాడు తోసేసె. ఆ రెండు దినాలు నువ్వు అన్నం తింటివా? నేను తింటినా?”

ఆ మాటకు లావణ్య తగ్గింది. ఆ రెండు రోజులూ ఆమె దేవుడి గూడు ముందు నుంచి లేవలేదు.

“సరే. మంచికే చేసినారు, ఒప్పుకుంటాను. అయితే ఒకటి చూపించండి.” తన ఫోన్ అతని ముందు పెట్టింది. “అత్త యాడుండేదీ ఫోన్‌లో కనిపిస్తాదంటిరి గదా. పన్నెండు దినాల నుంచీ అడుగుతా ఉండాను. నెట్ లేదంటారు, పాస్‌వర్డ్ రాలేదంటారు. ఈ పొద్దు చూపించండి.”

జయరామప్ప మెడ మీద నురగ ఆరిపోయి చర్మం బిగుసుకుంది.

“అది... ఆస్పత్రెవాళ్లు ఆన్ చెయ్యల్ల.”

“సార్,” అంది ఎలిజబెత్, కట్టు కడుతూ, తల ఎత్తకుండా. “అది ఫోన్‌లో కనబడదండి. అందులో బ్యాటరీ ఉండదు. పదిహేను అంకెల నెంబరు ఉంటుంది, అంతే. చదివే యంత్రం చేతి దగ్గర పెడితే ఆ నెంబరు వస్తుంది. నెంబరు కొడితే పేరు, అడ్రసు వస్తాయి.”

“ఆ యంత్రం ఎవరి కాడ ఉండాది?” అంది లావణ్య.

“ఆ ఆస్పత్రిలో ఉంది. ఇంకో రెండు చోట్ల ఇచ్చారంట.”

లావణ్య భర్త వైపు తిరిగింది.  గొంతు పెంచకుండానే అడిగింది.

“అంటే అత్త తప్పిపోయినా, దారి వెతుక్కోని ఆ ఆస్పత్రె కాడికే పోవల్లనా? పొయ్యి, నా చెయ్యి చూడండప్పా అని అడగల్లనా?”

 చిప్ పెట్టిన రోజు డాక్టరు ఇదంతా జయరామప్పకు ఇంగ్లీషులో గడగడా చెప్పాడు. సగం అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి నామోషీ. యాభై నాలుగేళ్ల మనిషి, పది మంది పనివాళ్లున్న ఇంజినీరింగ్ షెడ్డు యజమాని. ప్రతి వాక్యానికీ “ఎస్ డాక్టర్, ఎస్ డాక్టర్” అని తలాడించాడు. మూడో రోజు షెడ్డులో పనిచేసే ఇంజినీరు పిల్లవాణ్ని అడిగితే అప్పుడు తెలిసింది. తెలిసినా ఇంట్లో చెప్పలేకపోయాడు.

“పోనీ, అత్త ఒప్పుకునింది గదా, దానికే నేను ఊరుకుంటిని,” అంది లావణ్య.

ఎలిజబెత్ చేతులు ఆగాయి.

“ఒప్పుకోలేదమ్మా. మందుల ఫైల్లో కాగితం ఉంది. ‘పేషెంటు వద్దంటోంది’ అని డాక్టరే రాశారు. కింద సారు సంతకం ఉంది.”

 మునివెంకటమ్మ కట్టు వైపు చూసుకుని, “బాగా కట్టినావు పాపా,” అంది.

“ఇంకో మాట కూడా చెప్పాలి,” అంది ఎలిజబెత్. లేచి నిలబడింది.  “ఆ కాగితం అడుగున ఒక ఫోన్ నెంబరు ఉంది. ఇది కొత్తగా చేస్తున్న ప్రయోగం కదా, పేషెంటుకు ఇబ్బంది ఉంటే కమిటీకి చెప్పమని. మొన్న నేను ఫోన్ చేశాను సార్. పదకొండింటికి వాళ్ల మనిషి వస్తున్నారు.”

“నిన్ను పెట్టుకునింది అమ్మను చూసుకునేదానికి సిస్టర్. మా మీద కంప్లైంటు చేసేదానికి కాదు.”

“అమ్మగారిని చూసుకోవడానికే చేశాను సార్. మాన్పించేస్తే మాన్పించండి.”

“ఆయమ్మను మాన్పిస్తే నేనూ పుట్టింటికి పోతా,” అని లావణ్య నెత్తుటి దూది పోగు చేసుకుని బాత్‌రూము వైపు వెళ్లిపోయింది.

గడియారం చూశాడు జయరామప్ప. పదిన్నర.

*

సగం గీసిన గడ్డం మళ్లీ గియ్యడానికి అద్దం ముందు నిలబడ్డాడు గానీ, అద్దంలో తన కళ్లలోకి తను చూడకుండా గడ్డం గీసుకోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

కాగితంలో సంతకం ఒక్కటే ఉంది. అసలు సంగతి ఏ కాగితంలోనూ లేదు.

చిప్ పెట్టే ముందు అమ్మ మతిమరుపు ఎంతో చూసే పరీక్ష, ముప్ఫై మార్కులకు. ఇరవై వస్తే రోగికి సొంతంగా నిర్ణయం తీసుకునే తెలివి ఉన్నట్టు. ఆమె వద్దంటే ఇక వద్దే. ఇరవై లోపు వస్తే ఇంట్లోవాళ్ల సంతకం చాలు. డాక్టరు ఉత్తరాదివాడు. తెలుగు రాదు, కన్నడం రాదు. ప్రశ్న ఇంగ్లీషులో అడుగుతాడు, జయరామప్ప తెలుగులో చెప్తాడు. అమ్మ జవాబును మళ్లీ ఇంగ్లీషు చేస్తాడు.

చిప్ సంగతి చెప్పగానే అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. “ఆవుల చెవుల్లో పచ్చ బిళ్లలు కొట్టినట్ల నాకి కొడ్తారా? వద్దప్పా. నేను మనిషిని,” అంది. అంత తేటగా మాట్లాడి ఆర్నెల్లయింది.

ప్రశ్నలు అయిపోవస్తున్నాయి. జయరామప్ప డాక్టరు కాగితం మీది టిక్కులు లెక్కపెడుతున్నాడు. పంతొమ్మిది. చివరి ప్రశ్న మిగిలింది.

భర్త పేరు ఏమిటి?

అమ్మ తల వంచుకుంది. మోచేత్తో కొడుకును పొడిచింది.

“నువ్వు చెప్పప్పా.”

చిన్నప్పటి నుంచీ అంతే. రేషను షాపులో, ఓటరు లిస్టువాళ్లు వచ్చినప్పుడు, ఆస్పత్రి చీటీ దగ్గర, ఎవరైనా మొగుడి పేరు అడిగితే అమ్మ నోరు విప్పేది కాదు. మోచేత్తో పొడిచేది. తాను ఛాతీ పొంగించి గట్టిగా, “ఆవులప్ప!” అని చెప్పేవాడు. నాన్న పేరును లోకానికి చెప్పే పని తనది. ఆ పని అంటే ఎంత గర్వం! కుందలహళ్ళిలో పాలు పోసుకుని బతికిన ఆవులప్ప పోయాక కూడా అమ్మ ఆ పేరు పలకలేదు. పలకాల్సిన అవసరమూ రాలేదు. పీణ్యలో షెడ్డు పెట్టినప్పుడు బోర్డు మీద జయరామప్ప రాయించిన పేరు కూడా అదే.

డాక్టరు చూస్తున్నాడు. పాల క్యానుతో గేటు ముందు కూర్చున్న అమ్మ కళ్ల ముందు మెదిలింది. మళ్లీ అలా జరిగితే? ఒక్క మార్కు. ఒక్క మాట.

“షీ డజంట్ నో, డాక్టర్. నన్ను అడుగుతోంది,” అన్నాడు ఇంగ్లీషులో.

డాక్టరు సున్నా వేశాడు. పంతొమ్మిది.

తన షెడ్డులో తయారైన ఇనుప ముక్క, వాళ్ల మాటలో జాబ్, నెంబరు కొట్టకుండా గేటు దాటదు. ఎన్ని వేల ముక్కల మీద సుత్తితో నెంబరు పంచ్ కొట్టి ఉంటాడో. ఏ ముక్కా వద్దనలేదు.

*

పదకొండుకు పది నిమిషాలుందనగా అమ్మ గదిలోకి వెళ్లి తలుపు చేరవేశాడు. చిన్న స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

“అమ్మా, ఒక సారు వస్తాడు. ఏందో అడుగుతాడు. నువ్వు బేజారు చేసుకోవద్దు.”

“ఎవురప్పా? పాల సొసైటీవాళ్లా? పాలు తక్కువైనాయంటారా?”

“కాదమ్మా. చెయ్యి గురించి.”

ఆమె కట్టు మీద వేళ్లు పెట్టి నిమిరింది.  తేనెపట్టులోంచి ఒక్కో చుక్కా జారుతున్నట్టు మాట బయటికి వచ్చింది.

“యా ఆస్పత్రెలోనో కొట్టిరి. పట్టుకోని కొట్టిరి. నేను వద్దంటిని.” అతని మోకాలి మీద చెయ్యి వేసింది. “నువ్వు ఉండింటే కొట్టనిచ్చేవాడివి కాదు. నువ్వు యాడికి పోయింటివి ఆ పొద్దు?”

జయరామప్ప గుండె ఒక్క క్షణం తేలికయింది.

గుర్తులేదు. తాను పక్కనే ఉన్నట్టు అమ్మకు గుర్తులేదు. ఆ మోచెయ్యి, ఆ మాట, ఏదీ గుర్తులేదు. వచ్చేవాడు ఎంత తవ్వినా ఇక బయటికి వచ్చేది ఏమీ లేదు. హమ్మయ్య అనుకున్నాడు.

అనుకున్న మరుక్షణం ఆ హమ్మయ్య ఎందుకో అర్థమైంది. అమ్మ మర్చిపోయినందుకు. ఏ జబ్బుకు భయపడి ఇదంతా చేశాడో, ఆ జబ్బు తన తప్పు కాస్తోంటే దానికి దణ్ణం పెట్టుకుంటున్నాడు.

“షెడ్డులో పని ఉండె అమ్మా,” అన్నాడు.

“పోనీలే. మొహం మీద సబ్బు ఉండాది, తుడ్చుకో,” అని ఆమె తన కొంగుతో అతని చెవి కింద తుడిచింది.

బయట కాలింగ్ బెల్ మోగింది.

*

వచ్చినాయన పేరు సాల్మన్. డెబ్బై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. డాక్టరు కాదు. హైస్కూలు మాస్టారుగా రిటైరయ్యాడు. ఇలాంటి ప్రయోగాల్లో జబ్బు మనుషులకు అన్యాయం జరగకుండా చూసే కమిటీలో, డాక్టరు కానివాళ్ల తరఫున ఆయన సభ్యుడు.

జయరామప్ప విజిటింగ్ కార్డు ఇచ్చాడు. సాల్మన్ మాస్టారు దాన్ని చదివి ఫైలుకు క్లిప్పు పెట్టాడు.

“నేను చెప్పేది సూటిగా చెప్తానండి,” అన్నాడు. “అమ్మగారికి పంతొమ్మిది వచ్చాయి. ఒక్క మార్కు తక్కువ. ఆ పరీక్ష సరిగ్గా జరిగి ఉంటే మీ సంతకం చెల్లుతుంది. చిప్ ఉంటుంది, నేను ఫైలు మూసేస్తాను. సరిగ్గా జరగలేదని తేలితే మీ సంతకం చెల్లదు. ఆవిడ వద్దన్న మాటే చెల్లుతుంది. చిప్ తీసేస్తారు. ఎందుకు సరిగ్గా జరగలేదో అప్పుడు విచారణ ఉంటుంది. అర్థమైందా?”

“ఎస్ సార్,” అన్నాడు జయరామప్ప. ఈసారి నిజంగానే అర్థమైంది.

“ఇవాళ మీరు తర్జుమా చెయ్యక్కర్లేదు. నాకు తెలుగొచ్చు. అమ్మగారి పక్కన కూర్చోండి చాలు.”

లావణ్య కాఫీ పెట్టి గుమ్మంలో నిలబడింది. ఎలిజబెత్ కిటికీ దగ్గర. మునివెంకటమ్మ కొంగు సర్దుకుని, కొత్త మనిషి ముందు కూర్చునే పద్ధతిలో కాళ్లు దగ్గరికి పెట్టుకుంది.

“అమ్మా, బాగున్నారా?”

“బాగుండాను సామీ. కాపీ తాగండి, ఆరిపోతాది.”

మాస్టారు కాఫీ తాగాడు. పాల గురించి అడిగాడు. ఆమె ఎన్ని ఆవులుండేవో, ఏది తన్నేదో, ఏది పాలు చేపేదో చెప్పింది. లావణ్య మొహంలోకి చిన్న నవ్వు కూడా వచ్చింది. అప్పుడు మాస్టారు ఫైల్లో చివరి కాగితం తీశాడు.

“మీ ఆయన పేరేంటమ్మా?”

మునివెంకటమ్మ తల వంచుకుంది. జయరామప్ప పక్కటెముకల్లో ఆమె మోచెయ్యి తగిలింది.

“నువ్వు చెప్పప్పా.”

అతని పెదవులు విడివడ్డాయి. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు.

“మీరు చెప్పకండి.”

“సార్, పెద్దవాళ్లు మొగుడి పేరు చెప్పరండి,” అంది ఎలిజబెత్ గబగబా. “మా అమ్మమ్మ పోయేదాకా చెప్పలేదు. బైబిల్లో ఆ పేరు వచ్చినా దాటేసి చదివేది.”

“తెలుసమ్మాయ్. మా ఇంట్లోనూ ఉన్నారు అలాంటివాళ్లు. అందుకే నేను స్వయంగా వచ్చింది. చెప్పకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. ఇక్కడ డాక్టరు రాసింది చూడండి.” చదివాడు. “‘భర్త పేరు తెలియదు. కొడుకును అడిగి తెలుసుకోబోయింది.’ తెలుగు రాని డాక్టరుకు ఇది ఎలా తెలిసింది?”

గుమ్మంలో లావణ్య కదిలింది. భర్త మొహం చూసింది. పాతికేళ్ల కాపురంలో ఆమెకు ఆ మొహంలో తెలియనిది లేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మాస్టారు ఇంకా జయరామప్ప వైపు తిరగలేదు. ముసలామె వైపే వంగాడు.

“అమ్మా, ఆ రోజు ఆస్పత్రిలో డాక్టరు ఇదే మాట అడిగాడు. మీకు గుర్తుందా?”

గుర్తులేదనమ్మా, అనుకున్నాడు జయరామప్ప. అనుకున్నందుకు చెవులు కాలిపోయాయి.

“ఉండాది సామీ,” అంది మునివెంకటమ్మ.

“మీరేం చేశారు?”

“ఇట్లనే. చెప్పప్పా అంటిని వీడిని.”

అంటే అమ్మకు గుర్తుంది. తాను పక్కనే ఉన్నది గుర్తుంది. ఇందాక గదిలో అడిగిన ప్రశ్న, ఆ పొద్దు యాడికి పోయింటివి అన్నది, జబ్బు అడిగిందా, అమ్మ అడిగిందా?

“మరి మీ అబ్బాయి చెప్పలేదా?”

ఆమె కొడుకు వైపు తిరిగింది. చాలా దగ్గరగా చూసింది. స్కూలు నుంచి ఏడుస్తూ వచ్చినవాణ్ని చూసినట్టు, ఎక్కడ దెబ్బ తగిలిందో వెతికినట్టు.

“వానికి గ్యాపకం రాలేదు సామీ,” అంది చివరికి.

“కన్నతండ్రి పేరు గుర్తు రాలేదా?”

“యాడ వస్తాది? షెడ్డులో పని జాస్తి. తలకాయ నిండా ఇనుమే. వాన్నేం అనొద్దండి.” గొంతు తగ్గించి, రహస్యం చెప్పినట్టు మాస్టారుతో అంది. “ఆ డాక్టరుకి ఒక తూరి వీడిని చూపించండి. నాకంటే వీడికే మతిమరుపు జాస్తి ఉండాది.”

ఎలిజబెత్ కళ్లు మూసుకుంది.

సాల్మన్ మాస్టారు కుర్చీలో వెనక్కి వాలాడు. అంతవరకు ఆయన మొహంలో ఉన్న వెలుగు పోయింది. బదులు జాలి వచ్చింది. ఫైలుకు క్లిప్పు పెట్టిన కార్డు వైపు చూశాడు. ఆవులప్ప ఇంజినీరింగ్ వర్క్స్, పీణ్య. తండ్రి పేరు బోర్డు మీద రాయించుకున్న కొడుకు తండ్రి పేరు మర్చిపోయాడని చెప్పే తల్లి.

“సరేనమ్మా,” అన్నాడు మెల్లగా. జేబులోంచి పెన్ను తీశాడు.

కాగితం బల్లకు అవతల, తలకిందులుగా ఉంది. ఇనుము మీద నెంబరు కొట్టే పంచ్‌ల మీద అక్షరాలు ఎప్పుడూ తిరగేసే ఉంటాయి. తిరగబడ్డ రాత చదవడం జయరామప్పకు అలవాటే. మాస్టారు గుండ్రటి చేతిరాత ఒక్కో అక్షరంగా కాగితం మీదికి దిగుతోంది.

‘పేషెంటు అయోమయంగా...’

అమ్మ తన కోసం ఆడిన అబద్ధం అమ్మ మార్కుల్లోంచే పోతోంది. ఇంకొక్క మాట రాస్తే ఫైలు మూస్తారు. చిప్ ఉంటుంది. అమ్మ వద్దన్న మాట ఇక ఎప్పటికీ లేనట్టే. తన పేరు ఎక్కడా రాదు. ఊరుకుంటే చాలు. ఏమీ చెయ్యక్కర్లేదు. ఆ రోజు ఒక్క మాట ఆడాల్సి వచ్చింది. ఈ రోజు అది కూడా అక్కర్లేదు.

గుమ్మంలో లావణ్య చూస్తోంది. కిటికీ దగ్గర ఎలిజబెత్ చూడడం లేదు. ఏది ఎక్కువ బరువో అతనికి తెలియలేదు.

పెన్ను రెండో వరుసలోకి దిగింది.

పక్కటెముకల్లో మోచెయ్యి తగిలింది. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు. మునివెంకటమ్మ ఎదురుగా ఉన్న కాఫీ గ్లాసు వైపే చూస్తోంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో ఉంది.

“చెప్పప్పా,” అంది.